టైర్ లైటు వెలిగితే సెన్సార్ పోయినట్టేనా?

సంక్రాంతి ప్రయాణాల వేళ శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. "చలికాలంలో టైర్ ప్రెజర్ లైటు వెలిగితే కంగారు పడకండి, సెన్సార్ పోయిందంతే. బ్యాటరీ వైరు పది నిమిషాలు పీకి పెట్టండి. నైట్రోజన్ కొట్టిస్తే ఇక జన్మలో రాదు" అన్నది దాని సారం. ఇది నమ్మి ఇచ్ఛాపురం వైపు హైవే ఎక్కేవాళ్లకు నా జవాబు ఇదీ.

సెన్సార్ పోతే లైటు తీరే వేరు. చాలా కార్లలో స్టార్ట్ చేశాక నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలుగుతుంది. మిణుకు లేకుండా వెలిగిందంటే గాలి తక్కువని. పైగా కొన్ని కార్లలో చక్రం లోపల ప్రెజర్ సెన్సారే ఉండదు. గాలి దిగిన టైరు మిగతావాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది; ఆ తేడాను ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ద్వారా పట్టుకుని లైటు వేస్తారు. నాలుగూ సమానంగా దిగితే ఈ రకానికి తెలియకపోవచ్చు కూడా. లేని సెన్సార్ ఎలా పోయిందో మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి.

చలి మాట సగం నిజం. మధ్యాహ్నం 32 డిగ్రీల ఎండలో 33 పీఎస్ఐ ఒత్తిడికి గాలి పట్టిన టైరు, తెల్లారి 15 డిగ్రీల చలికి 30 చూపిస్తుంది. అమెరికా నిబంధన ప్రకారం కంపెనీ చెప్పినదానికన్నా 25 శాతం తగ్గితే లైటు వెలగాలి. అంటే 33 కాస్తా 25 దగ్గరకు రావాలి. మన చలి తీసేది మూడు. మిగతా ఐదు ముందే పోయాయన్నమాట.

బ్యాటరీ వైరు పీకితే టైరులోకి గాలి రాదు. ఇక నైట్రోజన్ అంటారా, మామూలు గాలిలోనే 78 శాతం అదే. చలికి అదీ తగ్గుతుంది, మేకు దిగితే అదీ పోతుంది.

నిజంగా సెన్సార్ పోయే దారులు వేరే ఉన్నాయి. సెన్సార్ లోపలి చిన్న బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది, అయిపోతే చాలావాటిలో సెన్సారే మార్చాలి. మన కోస్తాలో ఇంకో బెడద, ఉప్పుగాలి. సెన్సార్ బిగించి ఉండే అల్యూమినియం వాల్వులో, గాలిని ఆపే పిన్ను మామూలు ఇత్తడిది వేస్తే రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది. నరసన్నపేటలో ఓ పంచర్ షాపులో చూశాను: మూత కదల్లేదు, అంచున తెల్లటి పొడి, పట్టకారుతో తిప్పితే వాల్వు కాడే విరిగింది. "ఏటి బాబూ, ఈ పిన్ను ఎవులేసినారు?" అన్నాడతను. వెయ్యాల్సింది నికెల్ పూత పిన్ను.

లైటు వెలిగితే ముందు చల్లటి టైర్లకు గేజి పెట్టండి. ఒకటే తక్కువుంటే వాల్వు మీద సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. నాలుగూ సరిగ్గా ఉండి లైటు మిణుకుతుంటే స్కానర్ ఉన్న షాపుకెళ్లండి: ఒక చక్రమే పలకకపోతే ఆ సెన్సార్, నాలుగూ పలకకపోతే వాటి సిగ్నల్ అందుకునే రిసీవరో ఫ్యూజో. ఏబీఎస్ లైటు కూడా తోడైతే చక్రం వేగం కొలిచే సెన్సార్‌ను అనుమానించండి. రీసెట్ బటన్ జోలికి మాత్రం గాలి సరిచేశాకే వెళ్లాలి. ఏబీఎస్ రకంలో ముందే నొక్కితే, దిగిన టైరునే సరైన టైరని గుర్తుపెట్టుకుంటుంది.