మా ఆయన చొక్కా జేబుకి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ జేబు గారికి,

మన కర్రీ పాయింట్‌కి ఓనరెవరని అడిగితే మా ఆయన తన పేరు చెప్తారు, మర్యాదకి నా పేరు కూడా కలుపుతారు, కానీ పెత్తనమంతా మీదేనని పప్పు గరిటెకి కూడా తెలుసు. గల్లాపెట్టె మీరే, బ్యాంకు మీరే, ఆడిటరూ మీరే. అరచేతిలో పట్టే గుడ్డముక్కతో ఇన్ని శాఖలు చూసే మంత్రి రాష్ట్రంలో ఇంకొకరు లేరు.

నిన్న చొక్కా మెషీన్‌లో వేసే ముందు మిమ్మల్ని దులిపాను. నాలుగు మడతలు పెట్టిన 19 కేజీల సిలిండర్ బిల్లు, తేదీ లేని ఉల్లిపాయల చీటీ, అగ్గిపెట్టె అట్ట మీద "ఎర్ర బండాయన 140, మేడమీద టీచరమ్మ 2 పప్పు 1 వేపుడు". టీచరమ్మ సరే, ఆ ఎర్ర బండాయన ఎవరో రాసినాయనకే గుర్తులేదు. పాపం బండి మార్చాడేమో.

రాత్రి షట్టర్ దించాక మీరు ఉబ్బి ఉంటే ఆ రోజు లాభం, చప్పబడితే నష్టం, మా ఇంట్లో అకౌంట్స్ అంటే ఇంతే. ఆ ఉబ్బులో రేపటి కూరగాయల డబ్బుంది, ఐదో తారీఖు అద్దె ఉంది, గిన్నెలు కడిగే అమ్మాయి జీతం ఉంది, అవన్నీ తీసేస్తే మాకు మిగిలేదెంతో మీకూ తెలీదు, ఆయనకీ తెలీదు, అయినా ఆదివారం చుట్టాలందరికీ విందు మాత్రం మీ భరోసా మీదే. కార్తీకమాసం వచ్చి చికెన్ వేపుడు గిన్నె గిన్నెలాగే ఉండిపోతే, షాపుకి దిష్టి తగిలిందని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. పోయినేడు కార్తీకంలో ఏం అమ్మామో ఎక్కడైనా రాసి ఉంటే ఆ గుమ్మడికాయ ఖర్చు మిగిలేది, చికెనూ తక్కువ తెచ్చుకునేవాళ్లం.

పెద్ద ఫ్రిజ్ కొందామని, చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్రా లోన్‌కి వెళ్లాం. అందులో శిశు రకం కింద 50 వేల దాకా, కిశోర్ రకం కింద 5 లక్షల దాకా, తాకట్టు అక్కర్లేదు. తాకట్టు అక్కర్లేదన్నారు గానీ లెక్కలు అక్కర్లేదనలేదు కదా! నెలకి అమ్మకాలెంత అని ఆఫీసరు అడిగితే మా ఆయన చెయ్యి తిన్నగా మీ మీదకే వెళ్లింది. స్టేట్‌మెంట్ చూద్దామంటే షాపు క్యూఆర్ కోడ్ ఆయన సొంత సేవింగ్స్ ఖాతాకే ఉంది, అందులో కూరల డబ్బు, చీటీ పాట డబ్బు, పిల్లాడి స్కూలు ఫీజు, మా తమ్ముడు తిరిగిచ్చిన అప్పు అన్నీ కలిసి పులుసైపోయాయి. ఏది వంకాయో ఏది ములక్కాడో ఆ ఆఫీసరుకెలా తెలుస్తుంది?

"ఇప్పుడే కదా మొదలుపెట్టాం, నిలదొక్కుకున్నాక రాద్దాంలే లెక్కలు" అని ఆయన చేత అనిపించేదీ మీరే. ఫ్లెక్సీ మాత్రం నిలదొక్కుకునేదాకా ఆగలేదండోయ్, పొయ్యి వెలిగించకముందే దండాలు పెడుతున్న ఫొటోలతో లేచింది. ఇప్పుడంటే నాలుగు కూరలు, ఇద్దరు మనుషులు, రాయడానికి పది నిమిషాలు చాలు. రేపు ఫంక్షన్ ఆర్డర్లొచ్చి చీటీలు గోనెసంచిలోకి ఎక్కాక ఎవరు కూర్చుంటారు?

అందుకని ఒకటో తారీఖు నుంచి మీ శాఖలు మారుస్తున్నాం. షాపుకి విడిగా బ్యాంకులో కరెంట్ ఖాతా, క్యూఆర్ దానికే. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితమే కాబట్టి, చేయించిపెడతానంటూ రెండు వేలడిగిన ఏజెంట్‌కి దండం పెట్టి మా అమ్మాయే ఫోన్లో చేసింది. మీలో చెమటకి తడిసిన ఫుడ్ రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేము కట్టి గోడకెక్కింది. షట్టర్ దించాక నోట్లు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, తర్వాతే అన్నాలు. మా ఇద్దరికీ నెల జీతం. "మన డబ్బు మనం తీసుకోడానికి జీతమేంటే?" అని ఆయన అలిగారు. అలగనీయండి, ఆ అలక కూడా రాసుకున్నాను, ఖర్చుల పేజీలో.

మీకు పెన్ను, కళ్లజోడు వదిలేశాం. ఇంతకీ ఇవాళ సాయంత్రం చికెన్ షాపాయన ఇచ్చిన బిల్లు ఇంకా మీ దగ్గరే ఉంది. చొక్కా బకెట్లో పడకముందే పంపించండి, ఈ రోజు పేజీ దాని కోసమే ఆగింది.

ఇట్లు,
పుస్తకం రాసే ఆవిడ