మలయా ఖజానాను నింపిందెవరు?

మలయా (నేటి మలేషియాలోని ద్వీపకల్ప భాగం) బ్రిటిష్ పాలనలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దాన్ని ఆక్రమించింది. 1945 సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం అక్కడికి తిరిగి వచ్చేనాటికి జనం చేతుల్లో ఉన్నది జపాన్ అచ్చేసిన కాగితం. పది డాలర్ల నోటు మీద అరటి చెట్టు బొమ్మ ఉండటంతో దానికి 'అరటి డబ్బు' అనే పేరు స్థిరపడింది. చివరికొచ్చేసరికి వరుస సంఖ్యలైనా లేకుండా అచ్చు గుద్దారు. తిరిగొచ్చిన సైనిక పరిపాలన ఆ నోట్లు చెల్లవని తేల్చేసింది.

శత్రువు అచ్చేసిన నోట్లకు పూచీ పడితే ఏ ఖజానా అయినా మునుగుతుంది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ తోట, గని, లండన్ బ్యాంకులో ఖాతా ఉన్నవారికి ఆస్తి మిగిలింది. రబ్బరు తోట కూలీకి ట్రంకుపెట్టెలోని ఆ నోట్లే ఆస్తి. వారిలో ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగువారున్నారు. సయాం (నేటి థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గం పనికి జపాన్ తోలుకుపోతే చావు తప్పించుకుని వచ్చినవారున్నారు. పాత అప్పులను ఆ కాగితాలతో తీర్చిన సందర్భాల్లో లెక్క సరిచేయడానికి 1948లో చట్టం చేశారు. ట్రంకుపెట్టెకు అలాంటి చట్టమేదీ రాలేదు.

ఖజానాకు మరో గండి కూడా పడింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఒక దశలో స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్ (సింగపూర్, పెనాంగ్, మలక్కాలతో కూడిన బ్రిటిష్ వలస) ఆదాయంలో దాదాపు సగం నల్లమందుదే. తిరిగి వచ్చాక ఆ వ్యాపారం నడపబోమని బ్రిటన్ 1943లోనే ప్రకటించింది. మంచి పనే, ఆలస్యంగానైనా. ఆ లోటు పూడ్చడానికి ఆదాయపు పన్ను ప్రతిపాదిస్తే వర్తకులు, తోటల యజమానులు గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి 1947లో చట్టమై, 1948 జనవరి నుంచి అమలైంది. కూలీ దాచుకున్నది ఒక్క ప్రకటనతో పోయింది. కలవారి ఆదాయం మీద పన్ను పడటానికి రెండేళ్లకు పైగా పట్టింది.

నల్లమందు పోయినా తోటల్లో కల్లు దుకాణాలు మాత్రం మిగిలాయి. సర్కారుకు సుంకం, కూలీకి అప్పు. 1947లో ఉత్తర మలయాలోని కెడా రాష్ట్రంలో బెడోంగ్ ప్రాంతంలో కూలీలు వాటిని మూయించాలని కదిలితే పోలీసులు విరుచుకుపడ్డారు, ప్రాణం పోయింది. అది మద్యనిషేధ ఉద్యమం మాత్రమే కాదు. తమ కూలి డబ్బు ఎటు పోతున్నదో వారు గ్రహించారు.

యుద్ధ నష్టాల కోసం బ్రిటన్ కొంత గ్రాంటు ఇచ్చిన మాట నిజమే. అదే సమయంలో మలయా రబ్బరు, తగరం అమెరికాలో సంపాదించిన డాలర్లు లండన్‌లోని ఉమ్మడి నిల్వలోకి చేరాయి. 1947 నాటి స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండు) సంక్షోభంలో బ్రిటన్‌కు డాలర్ల అవసరం ఎంతో ఉంది. తన సంపాదన మీద మలయాకు మాత్రం నిర్ణయాధికారం లేదు. 1948 జూన్‌లో కమ్యూనిస్టుల సాయుధ తిరుగుబాటును అణచడానికి అత్యవసర పరిస్థితి మొదలయ్యాక భద్రతా ఖర్చు కొండలా పెరిగింది. కొరియా యుద్ధం తెచ్చిన రబ్బరు గిరాకీ, దానితో పెరిగిన ఎగుమతి సుంకం ఖజానాను గట్టెక్కించాయి.

ఆ రబ్బరు పాలు తీసిన చేతులకు భవిష్యనిధి (ప్రావిడెంట్ ఫండ్) చట్టం 1951లో వచ్చింది. అందులో జమ లెక్క ఆ తర్వాతే మొదలైంది.