ఎన్.ఏ. గారిని సస్పెండ్ చేయాల్సిందే

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, విశాఖలో ఎక్సెల్ షీటు తెరిచిన ప్రతి ఆఫీసులోనూ ఒకే ఉద్యోగి మీద ఫిర్యాదులు. పేరు ఎన్.ఏ., ముందు ఒక హ్యాష్ (#N/A): వెతికింది లిస్టులో దొరకనప్పుడు గడిలో కనబడే ఎర్రర్. నేరం: లేనిదాన్ని లేదనడం. ఇంతటి అవిధేయతని ఏ మేనేజరు భరిస్తాడు?

పక్క కుర్చీలో ట్రూ గారిని చూసి నేర్చుకోవచ్చు కదా. పేరుని లిస్టులో వెతికి దాని ఎదురుగా ఉన్న విలువ తెచ్చే ఫార్ములా వీలుకప్‌లో మూడు వివరాలిచ్చి నాలుగోది, అంటే అచ్చంగా అదే కావాలా, దగ్గరిదైనా చాలా అన్నది, రాయకుండా బ్రాకెట్ మూసేస్తే, పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉన్న ఏరియాల రేట్ల లిస్టులో మల్కాపురం లేదనుకోండి. దానికి కాస్త ముందున్న మద్దిలపాలెం పట్టుకుని ఆ డెలివరీ ఛార్జీ వేసేస్తారు. ఒకటి రిఫైనరీ వైపు, ఇంకొకటి యూనివర్సిటీ వైపు. అయితేనేం, గడి నిండింది! అక్షరక్రమం లేని లిస్టయితే మరీ ధీమా: సగానికి సగం విరుస్తూ వెతికి, చేతికి తగిలిందే జవాబు. చివర ఫాల్స్ అనో సున్నా అనో రాస్తే ఈయన తప్పుకుంటారు. పెద్దమనిషిని అలా పొమ్మనగలమా?

ఎన్.ఏ. మీద అసలు అభియోగం: "కళ్లెదుట గాజువాక కనిపిస్తుంటే లేదంటాడేంటి?" ఇంగ్లిష్‌లో గాజువాకకి ఎనిమిది అక్షరాలు. అక్షరాలు లెక్కపెట్టే లెన్ వేసి చూస్తే తొమ్మిది. ఆ తొమ్మిదోది టైపు చేసినవాళ్లు చివర్లో అలవాటుగా కొట్టిన స్పేసు. ట్రిమ్ వేస్తే పోతుంది. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన పేరైతే ట్రిమ్‌కీ లొంగకపోవచ్చు. అది 160 నంబరు స్పేసు, ఒకదాని బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్టిట్యూట్‌లో క్యార్ 160 ఇచ్చి పీకెయ్యాలి. పిన్‌కోడ్‌ది ఇంకో నాటకం. 530026 గడిలో ఎడమవైపుకి అతుక్కుని, మూలన ఆకుపచ్చ త్రికోణం పెట్టుకుని ఉందంటే అది అంకె కాదు, అంకె వేషం కట్టిన అక్షరాలు. కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ నొక్కితే వేషం ఊడుతుంది.

వెతకాల్సిన పట్టికని డాలర్ గుర్తుల్లేకుండా ఏ2 నుంచి బీ40 అని రాసి ఫార్ములాని కిందికి లాగారా? ముప్ఫయ్యో ఫార్ములా దగ్గరికి వచ్చేసరికి పట్టిక ఏ31 నుంచి మొదలవుతుంది. పైనున్న 29 పేర్లూ ఆర్కే బీచ్‌లో పిచ్చుకగూళ్లే. రేంజి మీద ఎఫ్4 ఒక్కసారి నొక్కితే డాలర్లు పడి పట్టిక కదలకుండా ఉండేది, కానీ తిట్లు మాత్రం ఎన్.ఏ.కే.

(వీలుకప్ తర్వాత వచ్చిన ఎక్స్‌లుకప్‌కి ఫాల్స్ రాయక్కర్లేదు. 2019 వెర్షన్‌లో అది లేదు, అంతకుముందు వాటిలోనూ లేదు. ఆఫీసు సిస్టమ్‌లో ఏ వెర్షనుంటుందో తెలిసిందే.)

చివరికి కనిపెట్టిన మందు, ఏ ఎర్రరొచ్చినా దాని బదులు మనం చెప్పింది చూపించే ఇఫ్‌ఎర్రర్. ఎన్.ఏ. నోట్లో గుడ్డలు కుక్కి సున్నా పెట్టేస్తుంది. మల్కాపురానికి ఛార్జీ సున్నా, టోటల్ ముచ్చటగా వస్తుంది. ఫార్ములా పేరు తప్పు రాసినా, కాలమ్ నంబరు పట్టిక దాటినా అన్నీ ఆ గుడ్డల కిందే. ఒక్క ఎన్.ఏ.నే పట్టుకునే ఇఫ్‌ఎన్ఏ వాడి "లిస్టులో లేదు" అని రాయించొచ్చు. మిగతా తప్పులు కనబడుతూనే ఉంటాయి. కాకపోతే అప్పుడు ఎవరో ఒకరు లిస్టు తెరిచి మల్కాపురం చేర్చాల్సి వస్తుంది. మార్చి నెలాఖరున అంత తీరిక ఎవరికుంది?