రూపాయి సెస్సు, రాని బస్సు

పొద్దున విజయవాడ పటమటలో బండికి రెండు లీటర్లు పోయించాను. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకి మరో 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. సరే, కట్టాం.

సాయంత్రం అమ్మని బస్సెక్కిద్దామని బెంజ్ సర్కిల్‌లో నలభై నిమిషాలు నిలబడ్డాం. వచ్చిన ఒక్క బస్సూ ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి, ఆగకుండానే పోయింది. అమ్మ పిడికిట్లో చిల్లర చెమటకి తడిసిపోయింది. ఆటో అతను 150 అన్నాడు. బేరమాడితే, "పెట్రోలు రేటు చూశారా సార్?" అంటాడు. నడిపేది గ్యాసు బండి!

సెస్సు పేరులో రోడ్డుంది, బస్సు లేదు. ఆ రూపాయిలో పావలా సిటీ బస్సులకి ఇవ్వొచ్చుగా? మేమేమీ మెట్రో అడగట్లేదు, ఆగే బస్సు అడుగుతున్నాం.