మరమ్మతు జరిగిన చోటే పగులు

ఫ్రాన్స్‌లోని పెన్లీ అణువిద్యుత్ కేంద్రం మొదటి రియాక్టర్‌లో ఒక పైపు గోడ మందం 27 మిల్లీమీటర్లు. 2023 మార్చిలో వెల్లడైన పగులు అందులో 23 మిల్లీమీటర్ల లోతు దాకా తొలుచుకుపోయింది. దాని పొడవు 155 మిల్లీమీటర్లు, అంటే పైపు చుట్టుకొలతలో దాదాపు నాలుగో వంతు. ఆ చోట మిగిలింది నాలుగు మిల్లీమీటర్ల ఉక్కు. ప్రమాద సమయంలో రియాక్టర్‌కు చల్లటి నీళ్లు అందించాల్సిన అత్యవసర వ్యవస్థకు చెందిన పైపు అది. దాని ఆకృతిని బట్టి అక్కడ ఇటువంటి పగులు రాదని నిర్వాహకులు లెక్క వేసుకున్నారు. లెక్క తప్పడానికి కారణమై ఉండగల సంగతిని ఫ్రాన్స్ అణుభద్రతా సంస్థ తన ప్రకటనలోనే చెప్పింది: రియాక్టర్‌ను నిర్మిస్తున్నప్పుడు పగులు వచ్చిన చోటి వెల్డింగ్ అతుకును రెండుసార్లు మరమ్మతు చేశారు.

ఈ ఒక్క వాక్యం మీద పరిశ్రమలన్నీ ఆగి ఆలోచించాలని మేము కోరుతున్నాం. కొత్త అతుకు వేయడానికి నిబంధనలున్నాయి, పరీక్షలున్నాయి, సంతకాలున్నాయి. అదే అతుకును గ్రైండింగ్ చేసి తొలిచి, మళ్లీ వెల్డింగ్ చేసి, పైన నునుపు చేశాక లోపం పోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపం పోతుంది, నిజమే. దాని స్థానంలో మరొకటి రావచ్చు, అది కంటికి కనిపించదు.

ఎందుకు వస్తుందో వివరంగా చెప్పుకోవాలి. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. చుట్టూ ఉన్న చల్లటి లోహం దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాట అతుకులోనే ఉండిపోతుంది; ఇంజనీర్లు దీన్ని అవశేష ప్రతిబలం అంటారు. యంత్రం ఆగి ఉన్నా, పైపు ఖాళీగా ఉన్నా ఆ లాగుడు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. కొన్నిచోట్ల అది లోహం శాశ్వతంగా సాగిపోయే హద్దు దాకా చేరుతుంది. మరమ్మతులో పరిస్థితి ఇంకా కఠినం. తొలిచిన గుంట చిన్నది, దాని చుట్టూ అన్ని వైపులా బిగుసుకున్న నిర్మాణం. ముడుచుకోవడానికి చోటే ఉండదు. అందుకే పొడవైన మరమ్మతు కంటే పొట్టి మరమ్మతు అతుకుకు అడ్డంగా ఎక్కువ లాగుడును మిగల్చగలదని పరిశోధనలు చూపాయి. చిన్న పనే కదా అనుకునే చోట లోహం పెద్ద భారం మోస్తోంది.

ఈ లాగుడుకు తోడు లోహానికి పడని పరిసరం కూడా ఉంటే అది పగులుతుంది. ఒత్తిడీ తుప్పూ కలిసి తెచ్చే ఈ పగులుకు మూడూ కావాలి: లొంగే లోహం, దాన్ని తినే పరిసరం, విడవని లాగుడు. లోహానికీ పరిసరానికీ జత కుదరాలి. ఇత్తడికి అమ్మోనియా, స్టెయిన్‌లెస్ స్టీలుకు వేడి ఉప్పునీరు, మామూలు ఉక్కుకు నైట్రేట్లు. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే చీలిపోయేవి. గొట్టాల తయారీలో మిగిలిన లాగుడు, గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, గాలిలోని తేమ కలిసి చేసిన పని అది. బరువు పెట్టినవారు లేరు, కొట్టినవారు లేరు.

పరిసరాన్ని మనిషి తన చేతులతోనే తెచ్చిపెట్టిన సందర్భం ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోది. 1974 మార్చిలో అక్కడి రసాయన కర్మాగారంలో అయిదో రియాక్టర్‌కు పొడవాటి పగులు పడింది. అంతకుముందు ఒక లీకును పలచబరచడానికి దాని మీద పోసిన నీళ్లలో నైట్రేట్లున్నాయి. పగిలిన రియాక్టర్‌ను తొలగించి, నాలుగు, ఆరు రియాక్టర్లను తాత్కాలిక పైపుతో కలిపారు. సరైన డిజైన్ లెక్కలు లేవు. వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే ఆధారం. జూన్ 1న ఆ పైపు ఊడిపోయింది. పేలుడులో 28 మంది చనిపోయారు. ఉత్పత్తి మళ్లీ మొదలుపెట్టాలన్న తొందర పగులు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను పక్కకు నెట్టేసింది.

పదేళ్ల తర్వాత, 1984 జులై 23న, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక చమురుశుద్ధి కర్మాగారపు టవర్ చీలి, పేలింది. 17 మంది మరణించారు. వారిలో చాలామంది ఆ కర్మాగారపు అగ్నిమాపక సిబ్బందే. దర్యాప్తు పగులును 1974లో జరిగిన మరమ్మతు దగ్గరికే తీసుకెళ్లింది. అప్పుడు పాడైన ఒక వలయాన్ని కోసి కొత్తది అతికించారు, కానీ ఆ తర్వాత ఉక్కును మెత్తబరచే వేడిశుద్ధి చేయలేదు. అతుకు పక్కన వేడి తగిలిన సన్నని పట్టీ గట్టిపడి పెళుసుగా మారింది. లోపలి రసాయనాల నుంచి పుట్టిన హైడ్రోజన్ ఆ పట్టీలో పగుళ్లు తెచ్చింది. పదేళ్లపాటు టవర్ పనిచేస్తూనే ఉంది, పగులు పెరుగుతూనే ఉంది.

ఇటువంటి చోట్ల ఏం చేయాలో శాస్త్రం చెప్పలేదనడానికి లేదు. మొత్తం పాత్రను కొలిమిలో పెట్టి వేడిశుద్ధి చేయడం కుదరనప్పుడు, ఒక వరుస మీద మరో వరుసను లెక్క ప్రకారం వేసి, పై వరుస వేడితోనే కింది కాఠిన్యాన్ని తగ్గించే పద్ధతి ఉంది. వెల్డింగ్ రాడ్లను ఓవెన్‌లో వేడిచేసి తేమ తీసేయాలని నిబంధనలు చెబుతాయి. ఆ తేమ నుంచి పుట్టే హైడ్రోజన్ తెచ్చే పగులు వెంటనే రాదు. గంటలు, రోజులు ఆగి వస్తుంది. అందుకే చాలా నిబంధనలు కొన్ని ఉక్కుల విషయంలో 48 గంటలు ఆగాకే తుది పరీక్ష చేయమంటాయి. ఈ 48 గంటలూ మేనేజర్ల లెక్కల్లో నష్టంగానే నమోదవుతున్నాయి. వెల్డర్‌ను తొందరపెట్టి, రాడ్డు ఆరకముందే చేతికిచ్చి, తర్వాత తప్పు అతని పనితనం మీదికి నెట్టడాన్ని మేము అంగీకరించం.

పరిశోధకుల మాట వినడంలోనూ ఇదే ఆలస్యం. నికెల్ ప్రధానంగా ఉండే 600 రకం మిశ్రలోహం వేడి స్వచ్ఛజలంలోనూ పగులుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త కొరియూ 1959లోనే చూపారు. చాలామంది నమ్మలేదు. అదే లోహంతో ప్రపంచమంతటా అణువిద్యుత్ కేంద్రాల ఆవిరి జనరేటర్ల గొట్టాలు తయారయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో అవి పగులుతూ వచ్చాయి, జనరేటర్లనే మార్చాల్సి వచ్చింది.

పగిలిన ముక్కను తుక్కులో వేయకుండా ప్రయోగశాలకు పంపడం ప్రతి కర్మాగారానికీ తప్పనిసరి కావాలి. అక్కడ తేలిన ఫలితం ఆ కంపెనీ అల్మారాలో ఆగిపోకూడదు. అటువంటి లోహాన్నే వాడుతున్న పక్క కర్మాగారానికి అది చేరాలి. ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసోనిక్ పరీక్ష సైతం పగుళ్లన్నిటినీ పట్టేస్తుందనుకోవడం భ్రమ. స్టెయిన్‌లెస్ స్టీలు అతుకులో రేణువులు ముతకగా ఉండి ధ్వనిని చెదరగొడతాయి. జుట్టులా సన్నగా, కొమ్మలుగా చీలిన పగులు ఆ గోలలో కలిసిపోతుంది. ఎక్కడ వెతకాలో ముందే తెలిస్తేనే పరికరం అక్కరకు వస్తుంది.

ఎక్కడ వెతకాలో చెప్పేది మరమ్మతు రికార్డే. పెన్లీ తర్వాత ఫ్రాన్స్‌లో నిర్మాణ కాలంలో మరమ్మతుకు గురైన అతుకులను ముందుగా పరీక్షించే పని చేపట్టారు. ఆ పని సాధ్యమైంది 1980ల నాటి కాగితాలు భద్రంగా ఉన్నందువల్ల. ఏ అతుకును ఎప్పుడు తొలిచారు, ఎంత లోతుకు, ఏ రాడ్డుతో నింపారు, వేడిశుద్ధి జరిగిందా లేదా అన్నది ఆ పాత్ర, ఆ పైపు పనిచేసినంత కాలం దానితోపాటే ఉండాలి. యజమాని మారినా, కాంట్రాక్టర్ మారినా చేతులు మారుతూ వెళ్లాలి. దీన్ని తనిఖీ నిబంధనల్లోనే చేర్చాలి, రికార్డు లేని మరమ్మతును పరీక్షించని అతుకుగానే లెక్కించాలి.