ఉచితాల మీద కోపం నగరంలోనే ఎందుకు ఎక్కువ?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతుంది: మేం ట్యాక్సులు కడుతుంటే వాళ్లకు పంచిపెడుతున్నారు, జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నారు అని. ఈ మాట అనేవాళ్లలో చాలామంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం తిన్న ఇళ్లలో పుట్టి, సర్కారు హాస్టల్లోనో ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోనో చదువుకుని వచ్చినవాళ్లు. మరి మధ్యలో ఏం మారింది? ఆదాయం పెరిగింది, నిజమే. అదొక్కటే కారణమైతే ఊళ్లో నాలుగు డబ్బులున్నవాళ్లు కూడా ఇలాగే మాట్లాడాలి కదా. కానీ ఊళ్లో కిరాణా కొట్టు నడిపే ఆసామి పింఛన్లు ఆపేయమనడు. నన్నడిగితే, అన్నిటికంటే ఎక్కువగా మారింది అడ్రస్.

ఆ కొట్టు సంగతే చూడండి. ఆంధ్రలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి ఓ ముసలామె ఇంటికొచ్చి, వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెడతాడు. మధ్యాహ్నం దాటేలోపే అందులో కొంత కొట్లో పాత బాకీకి పోతుంది, కొంత బీపీ, షుగర్ మాత్రలకు పోతుంది, మిగిలింది మనవరాలి పుస్తకాలకో పండక్కో దాచుకుంటుంది ఆ ముసలామె. కొట్టు ఆసామికి పింఛను రాదు, కానీ ఆ నెల ఖాతా తీరేది ఆ డబ్బుతోనే. పైగా ఆమె ఎవరో, ఆమె కొడుకులు ఎక్కడున్నారో, ఎవరు చూస్తున్నారో ఎవరు చూడట్లేదో అతనికి తెలుసు. అంత తెలిశాక ఆమెను సోమరి అనడానికి నోరు రాదు.

అలాగని ఊరంతా దయాగుణంతో నిండి ఉందని నేననను. ఉపాధి హామీ పేరెత్తితే రైతు మొహం మాడిపోతుంది. మన పల్లెల్లో చాలాచోట్ల దీన్ని కరువు పని అనే పిలుస్తారు. దేశం మొత్తానికి ఇది మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కూలీలు దొరకట్లేదు, దొరికినా రేటు పెంచేశారు, నాట్లకు కలుపులకు మనుషుల్లేరు అని రైతులు అనడం మనం వింటూనే ఉన్నాం. చిన్న రైతు బాధలో నిజం ఉంది, అతనికి పంట మీద గిట్టేదే అంతంత మాత్రం. కానీ అదే ఊళ్లో, వాడ వైపు వెళ్లి అడిగితే కథ ఇంకోలా వినిపిస్తుంది. వేసవిలో తెల్లవారకముందే గడ్డపార, తట్ట పట్టుకుని కందకాలు తవ్వడానికి వెళ్లే ఆడమనిషికి మగాడితో సమానంగా కూలి కట్టే పని అది, రేటు ఇంత కావాలని నోరు తెరిచి అడిగే ధైర్యం ఇచ్చిన పని అది. ఒకే పంచాయతీలో రెండు వీధుల మధ్య ఇంత తేడా ఉంటే, జిల్లాకూ నగరానికీ మధ్య ఎంత ఉంటుందో ఆలోచించండి.

నగరంలో అందే సాయానికి లబ్ధిదారు అనే పేరు ఉండదు. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ తేవాలి. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులున్న నల్గొండ జిల్లా మీదుగానే ఆ పైపులు వచ్చాయి. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం కూడా చేశారు, ఫ్లాట్లకు సైతం. ఆధార్ లింక్ చేయించుకోవడానికి క్యూ కట్టిన కాలనీల్లో ఎవరూ దాన్ని ఉచిత పథకం అని తిట్టగా నేను వినలేదు. పాత పన్ను విధానంలో ఇంటి లోన్ వడ్డీని 2 లక్షల దాకా ఆదాయం లెక్కలోంచి తీసేస్తారు, దానివల్ల తగ్గే పన్ను కూడా ఖజానాకు రావలసిన డబ్బే. తెలంగాణలో పంట పెట్టుబడికని ఇచ్చిన రైతుబంధు ఇంకా విచిత్రం. 2018లో మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000. ఎన్ని ఎకరాలున్నా పరిమితి ఉండేది కాదు. నగరంలో ఉంటూ ఊళ్లో భూమి కౌలుకిచ్చిన పట్టాదారు ఖాతాలో డబ్బు పడింది, ఎండలో నిలబడి సాగు చేసిన కౌలురైతుకు పడలేదు. పథకాల్లో తప్పులు పట్టాలనుకుంటే ఇక్కడ పట్టాలి, ముసలామె పింఛను దగ్గర కాదు.

ఆడవాళ్లకు ఉచిత బస్సు విషయంలోనూ అంతే. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి మొదలయ్యాక నగరంలో మగవాళ్లకు కనిపించింది సీటు దొరకకపోవడం. ఆటోవాళ్లకు గిరాకీ పడిపోయింది, వాళ్ల గోడు వేరు, దానికి సమాధానం చెప్పాల్సిందే. కానీ చార్జీ భయంతో మోకాళ్ల నొప్పిని వాయిదా వేసుకుంటూ వచ్చిన మనిషికి జిల్లా ఆస్పత్రి ఒక్కసారిగా దగ్గరైపోయింది. అది బస్టాప్‌లో నిలబడ్డవాడికి ఎలా కనబడుతుంది?

ఇంతకీ నగరంలో పేదలు లేరా? ఉన్నారు, మన ఇళ్లల్లోనే అంట్లు తోముతున్నారు, గేటు దగ్గర కాపలా కాస్తున్నారు. వాళ్లలో చాలామంది ఓటు, రేషన్ కార్డు ఊళ్లోనే ఉంటాయి. 2013 ఆహార భద్రత చట్టమే చవక రేషన్ గ్రామాల్లో 75 శాతం మంది వరకు, పట్టణాల్లో 50 శాతం మంది వరకు అని గీత గీసింది. అద్దె గది మారినప్పుడల్లా అడ్రస్ ప్రూఫ్ టెన్షన్ వేరే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్‌లో పోలింగ్ 48 శాతం, పక్కనే భువనగిరిలో 76 శాతం పైగా. ఓటేయడానికి ఊరెళ్లినవాళ్ల మాట నగరం లెక్కలోకి రాదు, ఇక్కడ ఇంట్లో కూర్చుని ఓటేయనివాళ్ల కోపం మాత్రం టీవీ చర్చల్లో ప్రజాభిప్రాయం అయిపోతుంది.

నేనడిగేది ఒక్కటే. ఉచిత బస్సెక్కిన మహిళకు కండక్టర్ జీరో టికెట్ కొడతాడు, ఆ లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి. అదే పద్ధతిలో మన ఫ్లాట్లకొచ్చే నీటి బిల్లు మీద, ఆ నీళ్లు ఇంటిదాకా రావడానికి అయిన అసలు ఖర్చెంత, మనం కట్టిందెంత, మిగతాది ఎవరు భరించారు అన్నది పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. పన్ను రిటర్న్ మీద కూడా, ఈ ఏడాది నీకు వదిలేసిన పన్ను ఇంత అని వేయండి. ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని అప్పుడు ఎవరి పథకం ఉండాలో ఎవరిది తీసేయాలో మాట్లాడుకుందాం.