మార్కెట్ అవుట్‌లుక్ రిపోర్టు గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ ‘వంశపారంపర్య గ్రోత్ హార్మోన్ లోపం చికిత్సా మార్కెట్ అవుట్‌లుక్ రిపోర్టు’ గారికి, అనంతపురం నుంచి ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం మొదటి పేజీలోనే గ్రాఫ్ గీసి చూపించారు కాబట్టి మళ్ళీ అడగను.

మా పాపకు ఒళ్ళు ఎదగడానికి కావాల్సిన గ్రోత్ హార్మోన్ సరిగా ఊరదు. ఆ మందు ధర ఎప్పటికైనా తగ్గుతుందా అని ఫోన్‌లో వెతుకుతుంటే, మందుల అమ్మకాలు ఎంత పెరుగుతాయో కంపెనీలకు జోస్యం చెప్పే మీరు ఎదురయ్యారు. పూర్తి ప్రతి కావాలంటే వేల డాలర్లట. ఊరికే ఇచ్చే నాలుగు నమూనా పేజీలతో సరిపెట్టుకున్నాను. చదువుతుంటే ఉగాది రోజు గుడిలో వినే పంచాంగం గుర్తొచ్చింది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. పంతులు గారు ప్రతి రాశికీ ఈ నాలుగూ చదువుతారు, ఎవరినీ వదలరు. మీరు మాత్రం మొదటిదీ మూడోదీ కంపెనీల రాశికి రాసి, మిగిలిన రెండూ మాకు పంపారు.

పేజీకి పదిసార్లు ‘గ్రోత్’ అంటారు. మా ఇంట్లో గ్రోత్ వంటింటి గుమ్మం మీద పెన్సిల్ గీతల్లో ఉంటుంది. పాపకు ఆరు నిండిన రోజు ఒక గీత, ఏడు నిండిన రోజు ఇంకో గీత. మధ్యలో మూడున్నర సెంటీమీటర్లు. ఆ వయసు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఎడమ చేతికి ఎక్స్‌రే తీస్తే ఏడేళ్ళ పిల్లకు నాలుగేళ్ళ ఎముకలున్నాయన్నారు. హార్మోన్ ఎంత ఊరుతోందో చూడటానికి పరగడుపున మాత్ర వేసి, పడుకోబెట్టి, అరగంటకోసారి రక్తం తీశారు. మొదటి రెండుసార్లు ఏడ్చింది. తర్వాత చెయ్యి తనే చాపింది.

రోజూ ఆ హార్మోన్ సూదులు మొదలయ్యాక తొలి ఏడాది తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది. అబద్ధమెందుకు, మందు పనిచేస్తుంది. కాకపోతే మోతాదు బరువును బట్టి ఉంటుంది, కిలోకు రోజుకు 25 నుంచి 35 మైక్రోగ్రాములు. పాప కిలో పెరిగితే ఇంటిల్లిపాదికీ సంతోషం, మెడికల్ షాపు బిల్లుకు ఇంకా సంతోషం. మీ గ్రాఫ్ ఎందుకు పైకి పోతోందో అప్పుడు అర్థమైంది.

మార్కెట్‌ను ముందుకు నడిపే కారణాల్లో ‘దగ్గరి రక్తసంబంధపు వివాహాలు’ అని రాశారే, అక్కడ ఆగిపోయాను. మా అక్కే మాకు అత్త. మూడెకరాల చెనక్కాయ చేను బయటి వాళ్ళ పాలు కాకూడదని కూతుర్ని నాకే ఇచ్చి చేసింది. దెబ్బతిన్న జన్యువు ఇద్దరిలోనూ ఒక్కొక్క కాపీ దాక్కుని ఉంటే, కాన్పు కాన్పుకూ నాలుగింట ఒక వంతు ఇలా జరిగే అవకాశం ఉందట. పాకిస్తాన్ సింధ్‌లోనూ, బ్రెజిల్‌లోని ఒక మారుమూల ప్రాంతంలోనూ దగ్గరి చుట్టాల్లో పెళ్ళిళ్ళు చేసుకున్న కుటుంబాల్లోనే ఈ లోపపు జన్యువులను పట్టుకున్నారు. చేను మిగిలింది కదా అనుకుంటే, చేను మీద వచ్చేది ఈ సూదులకే చాలడం లేదు. ఇంతకాలం ఈ పెళ్ళిని సంబంధం కలుపుకోవడం అనుకున్నాం, మీరేమో మార్కెట్ డ్రైవర్ అంటున్నారు.

అడ్డంకుల పేజీ కూడా చూశాను. ‘చికిత్స వ్యయం అధికం’ అట. పిల్లకు అడ్డంకి అనుకునేరు, మార్కెట్‌కు అడ్డంకి! జబ్బు ఉన్నట్టు ఇంకా గుర్తించని పిల్లలున్న ఏషియా పసిఫిక్‌ను మంచి అవకాశం అన్నారు. మా రామగిరిలో బంగారు గనులు మూతపడి చాలా ఏళ్ళైంది. ఈసారి తవ్వకానికి మా పిల్లలు దొరికారన్నమాట.

‘ఆర్ఫన్ డ్రగ్’ అన్న మాట దగ్గర నవ్వొచ్చింది. ఆర్ఫన్ అంటే అనాథ. అమెరికాలో 2 లక్షల మంది కంటే తక్కువకు వచ్చే జబ్బుల మందులకు 1983 చట్టం ఆ పేరు పెట్టి, ఏడేళ్ళు పోటీ లేకుండా అమ్ముకోనిస్తుంది. ఈ అనాథకున్నంత బంధుబలగం మా వంశంలో ఎవరికీ లేదు. నిజానికి 1985 దాకా ఈ హార్మోన్‌ను చనిపోయినవాళ్ళ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవాళ్ళు. దాంతో కొందరికి మెదడును తినేసే జబ్బు సోకి ఆ పద్ధతి ఆపేశారు. అదే ఏడాది ల్యాబ్‌లో తయారైన హార్మోన్‌కు అనుమతి వచ్చింది. అప్పట్లో కొరత, ఇప్పుడు ధర.

ఒక్క పేజీ మాత్రం రెండుసార్లు చదివాను. వారానికి ఒక్క సూది చాలే మందు పిల్లల కోసం అమెరికాలో 2021లో ఒకటి, 2023లో ఇంకో రెండు వచ్చాయని. 365 పోట్లు 52 అవుతాయి. మీకది ‘ప్రీమియం సెగ్మెంట్’, అంటే ఖరీదైన సరుకు. పాపకు చెబితే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, “అయితే ఆరు రోజులు సెలవా నాయనా?” అంది.

మీ గ్రాఫ్‌లో కరెంటు కోత ఉండదు. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టకూడదు. మొన్న వేసవిలో రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఫ్రిజ్ తలుపులో, కొత్తిమీర కవరు పక్కన ఉండాల్సిన పెన్ను, అదే మందు నింపిన సూది, లేదు. “సల్లగుండాలంటివి కదరా, కరెంటు రాంగానే ఇంగా సల్లగుంటాదని పైన ఐసులోకి తోసినా” అంది అక్క. ఆమెను ఏమనగలను? కొత్త పెన్ను కొన్నాను. ఆ నెల మీ అంచనా నిజం కావడంలో మా అక్క చెయ్యి కూడా ఉంది, దయచేసి నమోదు చేసుకోగలరు.

ఇట్లు,
మీ ఏషియా పసిఫిక్‌లోని ఒక తండ్రి

తా.క. మీ నమూనా పేజీలను ప్రింట్ తీయించాను. వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని, సూది ఏ రోజు ఎక్కడ వేశామో అక్కడ రాసుకుంటున్నాం. నిన్న ఎడమ తొడ. ఈ రోజు కుడి తొడ.